మా పెంపకం పుస్తకంలో అత్తయ్యకు పేజీ లేదు

ఏడో నెల (విశాఖపట్నం):

నమస్కారం. నాకు ఏడో నెల, తొలి కాన్పు. నవంబరు 18 అని డాక్టరు గారు తేదీ ఇచ్చారు. మర్రిపాలెంలో ఉంటాం. నేను గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న కంపెనీలో లెక్కలు రాస్తాను. మా ఆయన గూడ్సు రైళ్ల మీద అసిస్టెంట్ లోకో పైలట్. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, నా కథలో సగం దాని వల్లే నడుస్తుంది.

మేమిద్దరం మెలకువగా, ఒకే ఇంట్లో, ఒకే సమయంలో ఉండే గంటలు వారానికి చాలా తక్కువ. ఆయన డ్యూటీ దిగి వచ్చేటప్పటికి నేను బస్సు కోసం బయలుదేరుతూ ఉంటాను. నేను తిరిగి వచ్చేటప్పటికి డ్యూటీకి రమ్మని కాల్ వచ్చి ఆయన లైను పెట్టె, అంటే రైలు మీదికి తీసుకెళ్లే సామాను పెట్టె, సర్దుకుంటూ ఉంటారు. అందుకని మూడో నెల నిండాక 200 పేజీల పొడుగు నోట్‌బుక్కు ఒకటి కొన్నాం. పిల్లను ఎలా పెంచాలనుకుంటున్నామో అందులో రాసుకోవాలి. పైన ప్రశ్న. ఎడమ పేజీలో ఆయన జవాబు, కుడి పేజీలో నాది. రాసినవాళ్లు తమ పేజీని మడిచి క్లిప్పు పెట్టెయ్యాలి, రెండోవాళ్లు తమది రాసేదాకా విప్పకూడదు. ఇద్దరిదీ అయ్యాక కలిసి చదువుకుని, కింద ఎర్ర సిరాతో ఒక్క మాట రాయాలి: సరే, చూద్దాం, గొడవ. ఇప్పటికి 31 ప్రశ్నలయ్యాయి. 19 సరే, 8 చూద్దాం, 4 గొడవ.

ఎలా ఉంటాయో చెబుతాను. 3వ ప్రశ్న: బిడ్డ ఏడిస్తే ఏం చెయ్యాలి? ఆయన జవాబు ఒక్క మాట, 'ఎత్తుకోవాలి.' నాది పదకొండు వాక్యాలు. ఆకలా, తడిసిందా, ఉక్కపోతా, కడుపునొప్పా, చీమ కుట్టిందా అని వరసగా చూసుకుంటూ పోవాలని. చదివాక ఆయన నా పేజీ కింద పెన్సిలుతో, 'ఇవన్నీ ఎత్తుకున్నాక చూడకూడదా?' అని రాశారు. సరే.

9, భాష. ఇంట్లో తెలుగే మాట్లాడాలి, ఏ బడిలో వేసినా తెలుగు చదవడం, రాయడం మనమే నేర్పాలి. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే జవాబు. 12, ఫోను. రెండేళ్లు నిండేదాకా తెర చూపించకూడదు, మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం చెబుతున్నదీ అదే. 'మరి నేను రాయగడ నుంచి వీడియో కాల్ చేస్తే?' అని ఆయన. దానికి మినహాయింపు ఇచ్చాం. 14, పేరు. బారసాల నాటికి ఆడపిల్లకొకటి, మగపిల్లవాడికొకటి సిద్ధంగా ఉండాలి, వెనకాల కులం తోక ఉండకూడదు. 17, డబ్బు. ఆడపిల్లయితే పోస్టాఫీసులో సుకన్య ఖాతా, మగపిల్లవాడయితే పీపీఎఫ్. 'మగపిల్లవాడి వడ్డీ తక్కువయిందని తరవాత అలగడు కదా' అని నేను రాస్తే, 'లెక్కలు రాసేదానివి, నువ్వే సర్దిచెప్పు' అని ఆయన.

22వ ప్రశ్న మాత్రం గొడవ. కొట్టవచ్చా? నేను 'ఎప్పటికీ వద్దు, చెయ్యి ఎత్తి బెదిరించడం కూడా వద్దు' అని రాశాను. ఆయన 'అవసరమైతే ఒక్కటి' అని రాశారు. ఆ అవసరం ఏమిటో రాయమన్నాను. రెండు వారాలు ఖాళీగా వదిలేసి, 'రోడ్డు మీదికి పరుగెత్తితే' అన్నారు. రోడ్డు మీదికి పరుగెత్తితే చెయ్యి పట్టుకుని లాగాలి, కొడుతూ కూర్చుంటామా అని నేను. అప్పుడు ఆయన దాని కింద, 'మా అమ్మ అట్లకాడతో కొట్టేది. నేను చెడిపోయానా?' అని రాశారు.

నా పట్టుదలకు కారణం ఉంది. మా నాన్న పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో బడిపంతులు. బెత్తానికి పేరు. నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు. కానీ నేను ఆ బడిలోనే ఐదేళ్లు చదివాను. పక్క బల్ల పిల్లలు చేతులు చాపి, కళ్లు గట్టిగా మూసుకోవడం చూశాను. సాయంత్రం అదే చేత్తో నాన్న నాకు ముద్దపప్పు కలిపి పెట్టేవారు. ముద్ద నోటి దగ్గరికి వస్తే నేను కళ్లు మూసుకునేదాన్ని. రుచికి మూసుకుంటున్నాననుకుని మురిసిపోయేవారు. 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చాక ఆ బెత్తం మా ఇంటి బీరువా మీదికి ఎక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

సరే, అసలు సంగతికి వస్తాను. మా అత్తయ్య పార్వతీపురం నుంచి వచ్చి రెండు నెలలయింది. మామయ్య గారు లేరు. పురుడు పాలకొల్లులోనే, మూడో నెల నిండాక పిల్లతో ఇక్కడికి వస్తాను. ఆ తరవాత లెక్క ఇలా ఉంది: చట్టం ప్రకారం నాకు జీతంతో 26 వారాల సెలవు ఉంటుంది. 2017లో సవరించకముందు 12 వారాలేనట, అప్పటివాళ్లు ఎలా నెట్టుకొచ్చారో. కాన్పుకు మూడు వారాల ముందు పని ఆపితే తరవాతకు మిగిలేవి 23 వారాలు. అంటే ఏప్రిల్ 28 నాటికి నేను మళ్లీ ఆటోనగర్‌లో ఉండాలి, అప్పటికి పిల్లకు ఆరు నెలలు కూడా నిండవు. 50 మంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలని కూడా చట్టంలో ఉంది. మా కంపెనీలో ఉన్నది 38 మంది. కాబట్టి పిల్లను చూసుకోబోయేది అత్తయ్యే.

పోయిన గురువారం నేను ఇంటికి వచ్చేటప్పటికి పుస్తకం దివాను మీద ఉంది, క్లిప్పులన్నీ తీసి పక్కన గిన్నెలో వేసి ఉన్నాయి. అత్తయ్య ఐదో తరగతి చదివారు. కూడబలుక్కుని చదువుతారు, అయితే ఒక్క అక్షరం వదలరు. 22వ పేజీ చదివి నొచ్చుకున్నారేమోనని నా గుండె దడదడలాడింది. ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు. కాఫీ చేతికిచ్చి, "అమ్మాయీ, ఇందులో నానమ్మ అని నాలుగు చోట్ల ఉంది" అన్నారు.

"అవునత్తయ్యా" అన్నాను.

"నాలుగు చోట్లా వద్దు అనే ఉంది."

వెళ్లి చూసుకున్నాను. నిజమే. నానమ్మ తేనె నాకించకుండా చూడాలి. కాటుక పెట్టవద్దని నానమ్మకు ముందే చెప్పాలి. నానమ్మ వస అరగదీసి పొయ్యకూడదు. నానమ్మ సీరియల్ చూస్తూ అన్నం పెట్టకూడదు. రోజుకు పది గంటలు నా బిడ్డను మోయబోయే మనిషి గురించి మేం రాసుకున్నది ఇంతే. గాజు సామాన్ల దుకాణంలో 'తాకరాదు' అని బోర్డు పెట్టినట్టుంది.

మీలో ఎవరైనా కాన్పుకు ముందే ఇలా రాసుకున్నారా? పుట్టాక అందులో ఏది నిలిచింది, ఏది కొట్టుకుపోయింది? అత్తయ్యను ఇప్పుడు ఈ పుస్తకంలోకి ఎలా తీసుకురావాలి? చింపెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు కూడా రాయవచ్చు, కారణం చెప్పాలి అంతే.


ముగ్గురి తండ్రి (తెనాలి):

చింపెయ్యమ్మా. కారణం అడిగావు గనుక చెబుతాను. మాకు ముగ్గురు. పెద్దవాడికి అన్నం పెట్టాలంటే చంకనేసుకుని వీధి చివర గేదెల పాక దాకా నడవాలి. రెండోదానికి కథ చెప్పాలి, అదీ నిన్నటి కథ కాకూడదు. మూడోవాడు ఎవరూ పెట్టకుండానే పిల్లి గిన్నెలోది కూడా తిన్నాడు. ఏ పుస్తకం ఈ ముగ్గురికీ పనికొస్తుంది? నువ్వు చెప్పిన 31 ప్రశ్నల్లో బిడ్డ సంగతి కొంచెమే, మిగతాదంతా మీ ఇద్దరి సంగతి. రాసుకోండి, తప్పులేదు. అట్ట మీద మాత్రం 'పెంపకం' అని రాయవద్దు.


ఏడో నెల (విశాఖపట్నం):

అట్ట మీద ఇంకా ఏమీ రాయలేదండీ. పిల్లి గిన్నె సంగతి మాత్రం రాసుకుంటున్నాను.


46 వరసలు (ఖమ్మం):

మేం రాసుకున్నాం, 2021లో, కంప్యూటర్‌లో పట్టిక గీసి. 46 వరసలు. అందుకే ఈ పేరు.

కొట్టుకుపోయినవి ముందు చెబుతాను. గుడ్డ లంగోటాలే వాడాలన్నది నాలుగో రోజుకు పోయింది, వానాకాలం, ఒక్కటీ ఆరలేదు. ప్లాస్టిక్ బొమ్మలు వద్దన్నది బారసాల రోజే పోయింది, పదిహేడు వచ్చాయి. ఏడాదిలోపు పంచదార వద్దన్నదాన్ని మా నాన్న పటికబెల్లం ముక్కతో పడగొట్టారు, అది పంచదార కాదని ఆయన వాదన. పాపను ఎవరితోనూ పోల్చకూడదన్నది మా ఇద్దరిలో ఒకరు పాటిస్తున్నారు.

నిలిచింది పేరు. ఇంకొకటి, రాత్రి. పాలు నేనే ఇవ్వాలి గనుక రాత్రంతా నాది, తెల్లవారి 5 నుంచి 8 దాకా పాప ఆయనది, ఆ మూడు గంటలు ఇల్లు తగలబడినా నన్ను లేపకూడదు. అదొక్కటి రాసుకోకపోయి ఉంటే ఈ జవాబు రాయడానికి నేను ఇంత స్థిమితంగా ఉండేదాన్ని కాదు. మీరు చెప్పిన ప్రశ్నల్లో భాష ఉంది, వడ్డీ ఉంది, రాత్రి కనిపించలేదు. ఉందా?


ఏడో నెల (విశాఖపట్నం):

లేదు. ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.


పిల్లల వార్డు (గుంటూరు):

14 ఏళ్లుగా పిల్లల వార్డులో స్టాఫ్ నర్సును. కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

మీ నాలుగు 'వద్దు'లూ సరైనవే. తేనె ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. అందులో ఒక్కోసారి ఒక రకం బ్యాక్టీరియా బీజాలుంటాయి. మన పేగుల్లో అవి ఏమీ చెయ్యలేవు, పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. అరుదే, కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాటుకలో సీసం ఉండవచ్చు, అదీకాక వేలితో కంట్లో పెడతారు. దిష్టికి చెవి వెనక చిన్న చుక్క పెట్టుకుంటే నేను చూడనట్టు ఊరుకుంటాను. వస పోస్తే మాటకారి అవుతుందంటారు. వస పోశాక వాంతులతో, మగతతో మా వార్డుకు వచ్చిన పిల్లలను చూశాను, వాళ్లు మాటకారులయ్యారో లేదో తరవాత సంగతి.

మీరు రాసుకోనివి కూడా చెబుతాను. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి, పసుపుపచ్చగా ఉన్నాయని పిండి పారబోస్తే ఒప్పుకోకండి. బొడ్డు మీద ఏమీ పెట్టకూడదు, అదే ఆరి రాలిపోతుంది. ముక్కులో, చెవిలో నూనె వద్దు, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. తల ఆరబెట్టడానికి సాంబ్రాణి పొగ అక్కర్లేదు, మెత్తటి తుండు చాలు. పడుకోబెట్టేది వెల్లకిలా.

ఇప్పుడు గట్టి మాట. పురుడు పాలకొల్లులో అన్నారు. తేనె నాకించేది పుట్టిన రోజున. వస పోసేది ఇరవై ఒకటో రోజు అటూ ఇటూ. బొడ్డు, సాంబ్రాణి, నూనె, అన్నీ మొదటి మూడు నెలల్లోనే. ఆ మూడు నెలలూ పిల్ల ఎవరి చేతుల్లో ఉంటుంది? మీ పుస్తకంలో అమ్మమ్మ అనే మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి చెప్పండి. నేను వార్డులో రోజూ చూసేదే ఇది. అత్తగారు అరగదీస్తే అది విషం, అమ్మ అరగదీస్తే 'పాపం, ప్రేమ కొద్దీ పోసింది.'

మీ అత్తగారికి ఏం రాయాలో నాకు తెలిసింది చెబుతాను. రెండు కాళ్లూ చాపుకుని, పసిబిడ్డను వాటి మీద బోర్లా వేసుకుని, ముక్కులోకి చుక్క పోకుండా నీళ్లు పోయడం మా నర్సింగు పాఠాల్లో లేదు. ఇప్పటికీ నాకు రాదు. మా అత్తగారే పోశారు, ఇద్దరికీ. రెండోది ఉగ్గుగిన్నె. ఏప్రిల్ 28 తరవాత మీరు పాలు పిండి ఉంచి వెళ్లాలి. ఫ్రిజ్‌లో లోపలి వైపు పెడితే నాలుగు రోజులుంటాయి. బయట చల్లటి గదిలో నాలుగు గంటలంటారు గానీ, విశాఖ వేసవిలో ఆ లెక్క నమ్మకండి. పొయ్యి మీద కాచకూడదు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చెయ్యాలి. పాలసీసా కొనకండి, ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. పొరపోకుండా పట్టడం మీకు వచ్చా? ఆవిడకు వచ్చే ఉంటుంది. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పని మధ్యలో రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని చట్టంలో ఉంది. గాజువాక నుంచి మర్రిపాలెం వచ్చి పాలిచ్చి వెళ్లలేరు, ఆ విరామాల్లో అక్కడే పిండుకోండి. 38 మంది ఉన్న చోట దానికి గడియ పడే గది ఒకటి ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి.


ఏడో నెల (విశాఖపట్నం):

అమ్మమ్మ: సున్నా. మూడుసార్లు వెతికాను.

నిన్న రాత్రి అమ్మకు ఫోను చేశాను. ఊరికే అడిగినట్టు, మనింట్లో వసకొమ్ము ఉందా అన్నాను. "నీకు మూడో నెల అని తెలిసిన రోజే తెచ్చి పెట్టాను, నువ్వేమీ కంగారుపడకు" అంది. ఆ తరవాత నాకు మాట రాలేదు. అత్తయ్యకు చెప్పవలసిన నాలుగు వాక్యాలు పుస్తకంలో ఎంత తేలిగ్గా రాశానో అప్పుడు తెలిసింది.

గది సంగతి కనుక్కున్నాను. పాత ఫైళ్ల గది ఉంది. గడియ లేదు, పెట్టిస్తామన్నారు.


లైను పెట్టె (ఖరగ్‌పూర్, ప్రస్తుతం హైదరాబాదు):

నేను ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగాను. రైల్వే పనుల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ చాలామంది. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లారు. నాన్న గూడ్సు డ్రైవరు. అందుకని మీ ఆయన గురించి రాయాలనిపించింది.

నాన్న ఎప్పుడు వస్తారో, ఎప్పుడు వెళ్తారో మాకు తెలిసేది కాదు. దసరా కాలెండరులో ఎప్పుడున్నా, మా ఇంట్లో కొత్త బట్టలు ఆయన ఉన్న రోజే. అమ్మ ఆయనకు ఒకే ఒక పని అప్పగించింది, మా ముగ్గురి గోళ్లు తియ్యడం. ఎంత పెరిగినా ఆవిడ ముట్టుకునేది కాదు. తెల్లవారుజామున మూడింటికి లైను నుంచి వచ్చినా, ఆయన దుప్పటిలోంచి మా చేతులు ఒక్కొక్కటే లాగి, టార్చి నోట పట్టుకుని గోళ్లు తీసేవారు. పొద్దున లేచి వేళ్లు చూసుకుంటే నాన్న వచ్చి వెళ్లారని తెలిసేది. నాకిప్పుడు నలభై దాటాయి. ఆయన మాతో గడిపిన గంటలు ఎన్నంటే చెప్పలేను. గోళ్లు మాత్రం ఆయనే తీశారు.

కాబట్టి మీ పుస్తకంలో ఆయనకు వేళలు రాయకండి. 46 వరసల గారి ఇంట్లోలా 5 నుంచి 8 అని రాస్తే, సరిగ్గా ఆ వేళకే కాల్ వస్తుంది. ఎప్పుడు వచ్చినా చెయ్యగలిగే పని, ఇంకెవరూ చెయ్యకూడని పని ఒకటి రాయండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, కాన్పయిన ఆరు నెలల లోపు వాడుకోవచ్చు. ఆ రోజులన్నీ పాలకొల్లులో అల్లుడుగారి మర్యాదలు అందుకుంటూ అయిపోగొట్టవద్దని చెప్పండి. పిల్ల మర్రిపాలెం వచ్చిన రోజు నుంచి వాడుకుంటే, ఆరు నెలలు ఎలాగూ నిండవు, ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లూ కొత్త పనిలో కుదురుకోవచ్చు.

భాష గురించి కూడా ఒక మాట. మా ఇంట్లో తెలుగే. బడిలో హిందీ, వీధిలో బెంగాలీ. మాట ఉంటే చాలు, రాత ఎప్పుడైనా వస్తుందని మావాళ్లు వదిలేశారు. నాకు తెలుగు అక్షరాలు 26 ఏళ్లకు హైదరాబాదు బస్సు బోర్డుల మీద వచ్చాయి. ఈ జవాబు రాయడానికి గంటన్నర పట్టింది. మీ 9వ జవాబులో 'మనమే నేర్పాలి' అని ఉంది. ఆ 'మనం' ఎవరో పేరు రాయండి.


కాగితం బామ్మ (రాజమండ్రి):

అమ్మాయీ, నేను మీ అత్తగారి జట్టు. 63 ఏళ్లు. పూణెలో మా మనవణ్ని రెండేళ్లు పెంచి మొన్న సంక్రాంతికే ఇంటికి వచ్చాను.

మావాళ్లు నాకు అచ్చు వేసిన కాగితం ఇచ్చారు. ఫ్రిజ్‌కు అంటించారు. అందులో 'బామ్మ' అని ఒక గడి, గడిలో ఉదయం 8 నుంచి సాయంత్రం 7. కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆ పదకొండు గంటల్లో బామ్మ స్నానం ఎప్పుడో రాయలేదు. వాడు పాకడం మొదలుపెట్టాక ఆరు నెలలు స్నానాలగది తలుపు ఓరగా తెరిచి, వాడి కూనిరాగం వింటూ నీళ్లు పోసుకున్నాను. రాగం ఆగితే సబ్బుతోనే బయటికి. చెప్పి ఉంటే మా కోడలు ఎంత బాధపడేదో నాకు తెలుసు, మంచి పిల్ల. చెప్పడానికి నాకే నోరు రాలేదు. మనవణ్ని చూసుకోవడానికి కూడా షరతులా అని నన్ను నేనే కోప్పడ్డాను.

నువ్వు మీ అత్తగారిని ఏం కావాలో అడుగు. మొదటిసారి "నాకేం కావాలమ్మా" అంటుంది. దాన్ని జవాబుగా తీసుకోవద్దు. ఎదురుగా పుస్తకం పెట్టుకుని కూర్చుని కూడా అడగవద్దు, పోలీసు స్టేషనులా ఉంటుంది. చిక్కుడుకాయలకు ఈనె తీస్తూ రెండోసారి అడుగు. చేతులకు పని ఉంటే మాట వస్తుంది.

ఇక అట్లకాడ. నేనూ కొట్టాను. మా చిన్నవాణ్ని, వాడికి ఎనిమిదేళ్లప్పుడు, ఎదురింట్లో టీవీ చూస్తూ రాత్రి తొమ్మిదిదాకా ఇంటికి రాలేదని. ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో కూడా వాడికి గుర్తులేదు. కొట్టాక నేను గ్యాసు బండ పక్కన కూర్చుని ఏడవడం మాత్రం గుర్తుంది, ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. వాడు నవ్విన ప్రతిసారీ నేనూ నవ్వుతాను. మీ ఆయన రాసింది చదివి ఆవిడ ఏమీ అనలేదన్నావు. అనవలసింది లేక ఊరుకుందనుకోకు.


ఏడో నెల (విశాఖపట్నం), పన్నెండు రోజుల తరవాత:

అందరికీ ఒకేసారి రాస్తున్నాను. ఇప్పుడు ఎనిమిదో నెల, పేరు మార్చుకోలేదు.

చిక్కుడుకాయలు దొరకలేదు, గోరుచిక్కుళ్లు. బామ్మగారు చెప్పినట్టే మొదటిసారి "నాకేం కావాలి" అన్నారు. రెండోసారి, చేటలో సగం కాయలయ్యాక, "నెలకు నాలుగు రోజులు పార్వతీపురం వెళ్లిరావాలి, ఇల్లు తుడుచుకోవద్దూ" అన్నారు. ఆ తరవాత ఆగలేదు. ఆ రోజు మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. అత్తయ్య చెబుతుంటే 32వ పేజీలో ఆయన రాశారు, రెండు వైపులా పట్టింది. ఉన్నది ఉన్నట్టు దింపుతున్నాను:

నీళ్లు నేనే పోస్తాను. మీరు పక్కన నిలబడి నేర్చుకోండి, నడుము నొప్పి వచ్చిన రోజు మీరు పోద్దురు గాని. పిల్ల పడుకుంటే నేనూ పడుకుంటాను, ఆ వేళ బట్టలు మడతపెట్టమనకండి. సీరియల్ మానను, పిల్ల నిద్రపోయాక చూస్తాను. తేనె, కాటుక, వస వద్దంటే వద్దు, కానీ ఎందుకు వద్దో పుస్తకానికి చెప్పినట్టే నాకూ చెప్పండి. అక్షరాలు నేను దిద్దిస్తాను, నాకు వచ్చినంతవరకు. ఒంట్లో బాగాలేదని నేను చెప్పిన రోజు ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండాలి.

అక్షరాల మాట వినగానే లైను పెట్టె గారు గుర్తొచ్చారు. 9వ ప్రశ్న కింద పేరు రాశాం. గోళ్ల సంగతి మా ఆయనకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మర్నాడు ఉదయం లేస్తే నా ఎడమ చేతి గోళ్లు తీసి ఉన్నాయి. కుడి చేతి వైపు తిరిగి పడుకున్నానట.

రాత్రి మీద 33వ ప్రశ్న రాశాం. ఆయన ఇంట్లో ఉన్న రాత్రులు, లేని రాత్రులు అని రెండుగా విడదీశాం. లేని రాత్రులకు ఇంకా జవాబు లేదు. చూద్దాం.

32వ పేజీ అయిపోయాక అత్తయ్యే 22 తియ్యమన్నారు. ఆయన తీశారు. "అట్లకాడ అని రాశావు. అది అట్లకాడ కాదు, చీపురుకట్ట. మీ నాన్న పోయిన ఏడు" అన్నారు. ఆయన పెన్ను మూత పెట్టి కూర్చున్నారు. "చెడిపోలేదులే. కానీ ఆ ఏడాదంతా బడిలో ఏం జరిగిందో నాకు ఒక్క మాట చెప్పలేదురా నువ్వు" అన్నారు. గోరుచిక్కుళ్లు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. నేనూ లేచి వెళ్లిపోయాను, అక్కడ ఉండడం బాగుండదనిపించింది.

రెండు రోజుల తరవాత చూస్తే 'అవసరమైతే ఒక్కటి' అన్నది కొట్టేసి ఉంది. దాని బదులు ఇంకేమీ రాయలేదు. ఎర్ర సిరా నేను ముట్టుకోలేదు.

అమ్మతో మాట్లాడాను, ఈసారి తిన్నగా. నర్సు గారు రాసినదంతా చదివి వినిపించాను. కోపం వచ్చింది, ఒక పూట ఫోను ఎత్తలేదు. మర్నాడు తనే చేసి, వసకొమ్ము తులసికోట దగ్గర పాతిపెట్టానని, మొలిస్తే మొలుస్తుందని చెప్పింది. 34వ పేజీ ఆమెది.

అక్టోబరు 28న పాలకొల్లు వెళ్తున్నాను. పుస్తకం నాతోనే వస్తుంది. 35వ పేజీ మీద 'తాతయ్య' అని రాసి ఉంచాను. ప్రశ్న ఏమిటో ఇంకా తేల్చుకోలేదు.